కొట్టులో అర నుంచి జీడి తోట దాకా: ఫుడ్ బిజినెస్ స్టడీ టూర్ మన దగ్గరే ఎలా వేసుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో బీబీఏ, ఎంబీఏ, ఫుడ్ టెక్నాలజీ చదివే పిల్లలకు ఇండస్ట్రియల్ విజిట్ అనగానే హైదరాబాదో బెంగళూరో గుర్తొస్తుంది. రాత్రంతా రైలు, పెద్ద కంపెనీ రిసెప్షన్‌లో గంట వెయిటింగ్, హెచ్‌ఆర్ వాళ్ళ పవర్‌పాయింట్, అద్దం ఇవతల నుంచి మెషీన్లు చూడటం, గ్రూప్ ఫోటో. తిరిగొచ్చాక రిపోర్టులో రాసేది ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్నదే. పలాసలో జీడి, భీమాళిలో తాండ్ర, నౌపడలో ఉప్పు, రామభద్రపురంలో కూరగాయలు, ఊరూరా రైస్ మిల్లు, పాల సెంటర్ ఉన్న జిల్లాల పిల్లలు ఇవేవీ చూడకుండా డిగ్రీ పట్టుకుని వెళ్ళిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. టూర్ వేసే లెక్చరర్లకూ, క్లాస్ రిప్రజెంటేటివ్‌లకూ, సొంతంగా ఏదైనా చిన్న ఫుడ్ యూనిట్ పెట్టాలని చూస్తున్న డ్వాక్రా గ్రూపులకూ పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు ఒక్క సరుకు ఎంచుకోండి. ఒకే ట్రిప్పులో ఒక డైరీ, ఒక బిస్కెట్ ఫ్యాక్టరీ, ఒక సూపర్ మార్కెట్, ఒక రొయ్యల ప్లాంటు అని పెట్టుకుంటే అన్నీ చూస్తారు, ఏదీ అర్థం కాదు. జీడిపప్పు అనుకోండి, బియ్యం అనుకోండి, పాలు అనుకోండి, ఆ ఒక్కటి ఎక్కడ పుట్టి, ఎన్ని చేతులు మారి, ఎక్కడెక్కడ ధర పెరిగి మీ ఇంటికొచ్చిందో చివరిదాకా పట్టుకోవాలి. అదీ వెనక నుంచి ముందుకు పట్టుకోవాలి. అంటే మొదటి రోజు ఫ్యాక్టరీకి వెళ్ళకూడదు, కొట్టుకు వెళ్ళాలి. కొట్టులో అర మీద ఏం జరుగుతుందో చూసినవాళ్ళు మిల్లులో అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

కొట్టు పనికి ఒక పూట చాలు. పిల్లల్ని నలుగురేసి చొప్పున విడగొట్టి ఒక గుంపును కిరాణా కొట్టుకు, ఒకదాన్ని సూపర్ మార్కెట్‌కు, ఒకదాన్ని రైతు బజారుకు పంపండి, ఇంకో గుంపు ఫోన్‌లో డెలివరీ యాప్‌లు తెరిచి కూర్చోవాలి. అందరూ ఒకే సరుకు ధర, ప్యాకెట్ సైజు, బ్రాండు రాసుకోవాలి. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీతో పాటు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా ఇప్పుడు ముద్రించాలి, దాన్ని చూస్తే 50 గ్రాముల ప్యాకెట్‌లో జీడిపప్పు కొనేవాళ్ళు కిలోకు ఎంత కడుతున్నారో వెంటనే తెలిసిపోతుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ ఇచ్చే) నంబరు 14 అంకెలుంటుంది, మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న యూనిట్లు తీసుకునే రిజిస్ట్రేషన్. ఇది చూస్తే ఆ ప్యాకెట్ వెనక ఉన్నది పెద్ద వ్యాపారమా చిన్న వ్యాపారమా అన్నది ఒక అంచనాకు వస్తుంది. తయారీదారు అడ్రసు, ప్యాక్ చేసినవాళ్ళ అడ్రసు వేరువేరుగా ఉంటే అది కూడా రాసుకోండి, ఎక్కడో తయారై ఇంకెక్కడో ప్యాకెట్ పడిందన్నమాట.

బియ్యం బస్తాల దగ్గర ఒక్క నిమిషం ఆగమనండి. 25 కిలోల బస్తా పక్కన 26 కిలోల బస్తా ఎందుకుందని అడగమనండి. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 25 కిలోల దాకా 5 శాతం జీఎస్టీ పడింది, ఆ పైన బరువుకు పడదు. అందుకే ఒక కిలో కలిపారు. పన్ను నిబంధన ఒకటి మారితే సంచి సైజే మారిపోతుందని క్లాసులో ఎన్ని గంటలు చెప్పినా ఎక్కదు, కొట్టులో బస్తా చూస్తే ఎక్కుతుంది.

కిరాణా కొట్టాయన్ని లాభం ఎంత అని అడగొద్దు, ఆయన చెప్పడు, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఏ సరుకు వారానికోసారి తెస్తారు, ఏది మూడు నెలలైనా కదలదు అని అడగండి, సంతోషంగా చెప్తారు. అసలు విషయం అందులోనే ఉంది. ఉదాహరణకు 3 శాతమే మిగిలే సరుకు వారం వారం అమ్ముడైపోతుంటే, అదే డబ్బు మూడు నెలల్లో పదమూడు సార్లు తిరిగి 39 శాతం తెస్తుంది. 20 శాతం మిగిలే సరుకు మూడు నెలలు అరలో కూర్చుంటే 20 దగ్గరే ఆగిపోతుంది. రిటైల్ అంటే ఈ లెక్కే. సూపర్ మార్కెట్‌లో కూడా మేనేజరు ఒప్పుకుంటే వెనక గోడౌన్ చూపించమనండి. ముందు ఎక్స్‌పైర్ అయ్యే సరుకు ముందు బయటికి వెళ్ళేలా ఎలా సర్దుతున్నారు, పాడైనదాన్ని ఎక్కడ రాస్తున్నారు, కంపెనీకి వెనక్కి ఇచ్చేది ఏది, సొంతంగా నష్టపోయేది ఏది, ఇవన్నీ అక్కడే కనపడతాయి. అమ్మకాల హాల్లో కనపడవు.

రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి, మధ్యలో దళారి లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. అక్కడ ధరల బోర్డు ఫోటో తీసుకుని, అదే రోజు, అదే గంటకు బయట బండి మీద ధర, సూపర్ మార్కెట్ ధర, యాప్ ధర పక్కపక్కనే వేస్తే చాలు, దాని మీదే ఒక క్లాసు నడుస్తుంది.

ఇక పర్మిషన్లు. ఇక్కడే చాలామందికి టెన్షన్. చిన్న మిల్లులు, యూనిట్ల వాళ్ళు ఈమెయిల్‌కు జవాబివ్వరు, మనిషి వెళ్ళి అడగాలి. ప్రిన్సిపాల్ సంతకంతో ఒక పేజీ లెటర్, అందులో ఎంతమంది, ఏ రోజు, ఎంతసేపు, ఏం చూడాలనుకుంటున్నారు, ఏం అడగరు అన్నవి రాయండి. ఏం అడగరు అన్నది తప్పకుండా రాయండి, ఎందుకంటే ఓనర్లకు ఉండే భయం ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్ళో పోటీదార్లో ఈ పిల్లల పేరుతో వస్తారేమోనని. మీ క్లాసులోనే పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు పిల్లలుంటారు, వాళ్ళింట్లోనే ఎవరో ఒకరు జీడి పనిలో ఉంటారు, ఆ దారిలో అడిగితే పని తొందరగా అవుతుంది. ఒక్కో యూనిట్‌కు పదిహేను మందికి మించి తీసుకెళ్ళొద్దు. బ్యాచ్ పెద్దదైతే రెండు గుంపులు చేసి ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి పంపండి. మిషన్ చప్పుడులో వెనక నిలబడినవాడికి ఒక్క ముక్కా వినపడదు.

ఏ నెలలో వెళ్ళాలన్నది సరుకును బట్టి ఉంటుంది. జీడి, తాండ్ర అయితే వేసవి మొదట్లో. పలాస చుట్టుపక్కల తీరప్రాంతం ఉద్దానంలో పిక్కలు (పెంకుతో ఉన్న జీడి గింజలు) రాలేది మార్చి నుంచి మే దాకా, మామిడి తాండ్ర ఏప్రిల్ నుంచి జూన్. రైస్ మిల్లు అయితే డిసెంబరు, జనవరి. పరీక్షల టైం టేబుల్ చూసుకుని జీడి ట్రిప్ మార్చిలో వేసుకుంటే చదువూ, పిక్కల సీజనూ రెండూ కలిసొస్తాయి. సిరిమానోత్సవం వారంలో విజయనగరంలోనూ, రథసప్తమికి శ్రీకాకుళంలోనూ ఏమీ పెట్టుకోకండి, బస్సు కదలదు, కొట్టువాళ్ళకు మాట్లాడే తీరిక ఉండదు.

పలాస రోజు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ రెండు జిల్లాల్లో ఒక్క చోటే చూడాలంటే నేను పలాసే చూడమంటాను. హౌరా–చెన్నై లైన్ మీద స్టేషన్ ఉంది, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఉదయం రైలెక్కితే ఖర్చు తక్కువ, బస్సయితే జాతీయ రహదారి 16 మీద నేరుగా వెళ్ళిపోవచ్చు. పలాస, కాశీబుగ్గ రెండూ కలిసిపోయిన ఊళ్ళు, సందు సందుకూ జీడి పని కనపడుతుంది.

ముందు తోట చూడండి, తర్వాతే యూనిట్. రైతు పిక్కలు అమ్మేది 80 కిలోల బస్తా లెక్కన. ఆ బస్తా ధర ఎవరు చెప్తారు, ఎప్పుడు చెప్తారు, డబ్బు ఎన్నాళ్ళకు వస్తుంది, ఈ మూడు ప్రశ్నలు రైతును అడగాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరాన్నే తాకింది, జీడి చెట్లు, కొబ్బరి చెట్లు వేలకు వేలు కూలిపోయాయి. మళ్ళీ మొక్క పెడితే కాపుకు ఏళ్ళు పడుతుంది. సప్లయ్ రిస్క్ అని పుస్తకంలో చదివిన మాట ఆ తోటల్లో నిలబడి వింటే వేరుగా ఉంటుంది. ఇంకో సంగతి, ఇక్కడి పిక్కలు ఇన్ని యూనిట్లకు ఏడాది పొడవునా సరిపోవు. దేశంలో జీడి పరిశ్రమ ఐవరీ కోస్ట్, టాంజానియా, బెనిన్ లాంటి ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు తెప్పించుకుంటుంది. మీరు వెళ్ళిన యూనిట్‌లో ఏ నెల ఏ పిక్క ఆడుతుందో, పప్పు సైజులో, రుచిలో తేడా ఏమిటో అడగండి. పక్క తోట రైతు బస్తా ధరకూ ఆఫ్రికా పిక్క ధరకూ ఉన్న సంబంధం అప్పుడు బయటపడుతుంది.

యూనిట్‌లోకి వెళ్ళాక వరసలో నడవాలి, మధ్యలో దూరకూడదు. పాతకాలంలో పిక్కల్ని కాల్చి కొట్టేవాళ్ళు, పొగ విపరీతంగా వచ్చేది. ఇప్పుడు ఎక్కువగా ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, కటింగ్ మిషన్ మీద పెంకు కోసి పప్పు బయటికి తీస్తారు. తర్వాత డ్రయ్యర్‌లో ఆరబెట్టడం, లోపలి పొర తీయడం, గ్రేడింగ్, ప్యాకింగ్. ఆరబెట్టడం దగ్గర ఎక్కువసేపు ఆగండి, తేమ 5 శాతం లోపుకు దిగాలి, ఎక్కువుంటే పప్పు మెత్తబడి బూజు పడుతుంది, మరీ తగ్గితే పొర తీసేటప్పుడు పొడిపొడి అవుతుంది. ఫుడ్ టెక్నాలజీ పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. పెంకులో ఉండే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది, అదే నూనె పెయింట్లకూ బ్రేక్ లైనింగులకూ ముడిసరుకు. పెంకుల్ని బాయిలర్‌లో కాలుస్తున్నారా, నూనె మిల్లుకు అమ్ముతున్నారా అన్నది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

గ్రేడింగ్ బల్ల దగ్గర డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని వినపడుతుంది. ఆ అంకె ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు (విరగని పప్పులు) తూగుతాయో చెప్తుంది. అంకె తక్కువైతే పప్పు పెద్దది, ధర ఎక్కువ. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320, అంటే 100 గ్రాములకు సుమారు 66 నుంచి 70 గుండ్లు. డబ్ల్యూ 240 అయితే 48 నుంచి 53. వెళ్ళే ముందు రోజు కొట్టులో కొన్న ప్యాకెట్‌ను క్లాసులో తూచి లెక్కపెట్టించండి, ప్యాకెట్ మీద రాసినది నిజమో కాదో పిల్లలే తేలుస్తారు.

అసలు లెక్క ఇది. ఈ అంకెలు కేవలం ఉదాహరణకు. బస్తా 12,000 రూపాయలకు కొన్నారు, 20 కిలోల పప్పు దిగింది అనుకుందాం. కిలోకు పిక్క ఖర్చే 600. కానీ 20 కిలోలూ గుండ్లు కావు కదా. 13 కిలోలు గుండ్లు, 7 కిలోలు బద్దలు, ముక్కలు. ఆ 7 కిలోలు కిలో 500 చొప్పున పోతే 3,500 వచ్చింది, మిగిలిన 8,500 భారం 13 కిలోల గుండ్ల మీద పడుతుంది, అంటే కిలోకు దాదాపు 654. దీని మీద కూలి, కరెంటు, ప్యాకింగ్, వడ్డీ. కటింగ్ దగ్గరో, పొర తీసే దగ్గరో ఒక కిలో ఎక్కువ విరిగితే ఎంత పోతుందో పిల్లల చేత అక్కడే లెక్క వేయించండి. అప్పుడు పొర తీసే అమ్మల చేతి నైపుణ్యానికి విలువ ఎంతో వాళ్ళకే తెలుస్తుంది. బస్తాకు ఎన్ని కిలోలు దిగుతుంది, అందులో గుండు ఎంత, బద్ద ఎంత అని ఓనర్ని నిష్పత్తుల్లో అడిగితే చెప్తారు, మొత్తం టర్నోవర్ అడిగితే మాట దాటేస్తారు.

అక్కడ పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఫోటో తీసే ముందు ఆ మనిషినే అడగాలి, ఓనర్ సరేనంటే సరిపోదు. పిల్లలు అమ్మా, పిన్నీ అని పలకరించి, పక్కన కూర్చుని మాట్లాడాలి, చేతులు కాలకుండా ఏం రాసుకుంటారు, కిలోల లెక్కన కూలా రోజు కూలా, పని లేని నెలల్లో ఏం చేస్తారు అని అడగాలి. నోట్స్‌లో పేర్లు రాయొద్దు. కాళ్ళు జాపుకుని కూర్చున్నవాళ్ళ మీదుగా కెమెరా పెట్టి రీల్ తీసే అలవాటు మాత్రం మొదటి రోజే కట్టడి చేయండి, ఇది మర్యాద విషయం.

లోపలికి వెళ్ళేటప్పుడు తలకు క్యాప్, గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయాలి, ఆడపిల్లలు ఆ రోజు పూలు పెట్టుకోకూడదు, సెంటు కొట్టుకోకూడదు, జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు బయటే ఉండాలి. బస్సెక్కే ముందే చెప్పాలి, గేటు దగ్గర చెప్తే గొడవే.

పలాస నుంచి వచ్చే దారిలో సాయంత్రం ఎండ ఉంటే నౌపడ ఉప్పు మడులు చూడొచ్చు. అయోడిన్ కలిపే చోటు చూపిస్తే ఇంకా మంచిది, జనం కొనే నాటికి కిలోకు 15 మిల్లీగ్రాములు తగ్గకుండా ఉండాలని ప్రమాణం, తయారీ దగ్గర అంతకంటే ఎక్కువే కలుపుతారు. దారిలో కొంత ఎగిరిపోతుందని ముందే లెక్కేసుకున్నారన్నమాట. ప్యాకింగ్, నిల్వ ఎంత ముఖ్యమో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

విజయనగరం వైపు వాళ్ళకు దారి వేరు. రామభద్రపురం కూరగాయల మార్కెట్‌కు తెల్లవారకముందే చేరుకోవాలి, ఎండెక్కాక వెళ్తే ఏమీ ఉండదు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్ళే లారీలు అక్కడ లోడవుతాయి. వంకాయ బస్తాకు రైతు చేతికి ఎంత వచ్చింది, అదే రోజు విజయనగరంలో కిలో ఎంత అన్నది ఒకే కాగితం మీద రాయండి. ఎల్.కోట మండలం భీమాళిలో మామిడి తాండ్ర, రసంలో తీపి కలిపి చాపల మీద పొర మీద పొర వేస్తూ ఎండబెడతారు. ఒక్క వాన పడితే పని ఆగిపోతుంది, అందుకే సోలార్ డ్రయ్యర్ పెడితే ఖర్చెంత, రుచి మారుతుందా, ఎన్ని సీజన్లకు తిరిగొస్తుంది అన్నది పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వండి. విజయనగరంలో వ్యవసాయ పరిశోధన కేంద్రం చిరుధాన్యాల మీద పనిచేస్తుంది, మనం అంబలి కాచుకునే చోడుల్లో (రాగుల్లో) కొత్త రకాలు అక్కడి నుంచి వచ్చాయి. అక్కడ శాస్త్రవేత్తలు పిల్లలకు ఓపిగ్గా చెప్తారు, ముందుగా లెటర్ పెట్టాలంతే. శ్రీకాకుళం వైపు నైర వ్యవసాయ కళాశాల, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి.

రైస్ మిల్లుకు వెళ్తే క్వింటాలు ధాన్యానికి ఎంత బియ్యం దిగుతుందన్నదే ప్రధాన ప్రశ్న. సర్కారు మిల్లింగ్‌లో పచ్చి బియ్యానికి 67 కిలోలు లెక్క. మిగతా ఊక, తవుడు ఎక్కడికి పోతాయో వెంట పడండి, మిల్లు బతికేది చాలావరకు వాటి మీద. సార్టెక్స్ మిషన్ కెమెరాలతో నల్ల గింజను చూసి గాలితో ఎలా తోసేస్తుందో చూపించమనండి. పాల సెంటర్‌కు ఉదయం ఆరుకే వెళ్ళాలి, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న, నీళ్ళు కాక మిగిలే ఘనపదార్థం) మిషన్‌లో చూసి రైతుకు ధర పడుతుంది. అదే పాలు డైరీలో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు కాగి, చల్లబడి ప్యాకెట్ అవుతాయి. టోన్డ్ పాలకు 3 శాతం, ఫుల్ క్రీమ్‌కు 6 శాతం వెన్న ఉండాలి. ప్యాకెట్ ధరల తేడాను వెన్న తేడాతో భాగించి చూడమనండి.

ఫుడ్ టెక్ అంటే యాప్‌లే అనుకునే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళ కోసం విశాఖలో ఒక రోజు పెట్టుకోండి. నిమిషాల్లో సరుకు తెచ్చిచ్చే క్విక్ కామర్స్ వాళ్ళ డార్క్ స్టోర్లలోకి, అంటే యాప్ ఆర్డర్ల కోసమే సరుకు పెట్టుకునే గోడౌన్లలోకి, కస్టమర్లను రానివ్వరు, కాలేజీ వాళ్ళను కూడా మామూలుగా రానివ్వరు, కాబట్టి దాని మీదే ప్లానంతా ఆధారపడనీయకండి. బయట టీ కొట్టు దగ్గర నిలబడి గంటలో ఎంతమంది రైడర్లు బయల్దేరారు, ఒక్కొక్కరి బ్యాగులో ఎన్ని ఆర్డర్లు ఉన్నాయి అని లెక్కపెట్టడం ఎవరి పర్మిషన్ లేకుండా చేయగలిగే పని. ఒక పాల ప్యాకెట్, ఒక కొత్తిమీర కట్ట ఆర్డర్ పెట్టి, బిల్లులో డెలివరీ, హ్యాండ్లింగ్ చార్జీలు విడగొట్టి చూడండి. రైడర్ ఖాళీగా ఉంటే మర్యాదగా మాట్లాడించండి, ఆలస్యం అవుతుందంటే వెంటనే వదిలేయండి.

సొంత యూనిట్ పెట్టాలన్న ఆలోచన ఉన్నవాళ్ళు ప్రతిచోటా ఇంకో ప్రశ్న అడగాలి, పీఎంఎఫ్‌ఎంఈ కింద సబ్సిడీ తీసుకున్నారా అని. 2020లో మొదలైన ఈ కేంద్ర పథకంలో చిన్న ఫుడ్ యూనిట్లకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా బ్యాంకు లోన్‌తో ముడిపడిన సబ్సిడీ ఇచ్చారు. తీసుకున్నవాళ్ళుంటే లోన్ మంజూరుకు ఎన్ని నెలలు పట్టింది, ఏ కాగితం దగ్గర ఆగింది అన్నది వాళ్ళ నోటే వినాలి. ఇప్పుడు ఏ పథకం నడుస్తోందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి, ఆ తర్వాతే లెక్కలు వేసుకోండి.

తిరిగొచ్చిన మర్నాడే, ఆలస్యం చేయకుండా, బోర్డు మీద ఒక నిలువు గీత గీసి కింద రైతు ధర, పైన కొట్టు ధర రాయండి. మధ్యలో ప్రతి మెట్టు దగ్గర ఎవరు ఎంత కలిపారు, దానికి బదులు ఏం పని చేశారు, ఏ రిస్క్ మోశారు అని పిల్లలే నింపాలి. ఖాళీగా మిగిలిన మెట్లు ఎర్ర సుద్దతో గుర్తుపెట్టి, ఆ ఒక్క ప్రశ్న కోసం ఇద్దర్ని మళ్ళీ పంపండి, లేదా ఫోన్ చేయించండి. రిపోర్టు పది పేజీలు దాటక్కర్లేదు, కంపెనీ చరిత్ర, విజన్, మిషన్ లాంటివి అసలే వద్దు. తయారయ్యాక తెలుగులో రెండు పేజీల కాపీ తీసి మిల్లు ఓనర్‌కు, రైతుకు, కొట్టాయనకు ఇచ్చి రండి. ధరలున్న పేజీ ముందే వాళ్ళకు చూపించి, వద్దన్నది తీసేయండి. వచ్చే ఏడాది బ్యాచ్‌కు గేటు తెరుచుకోవాలంటే ఈ పని తప్పకుండా చేయాలి.